గోదావరి చిన్న ఊళ్ళకి చుట్టంలా వెళ్ళి రావడం ఎలా

గోదావరి మర్యాదల గురించి వినని తెలుగువాళ్ళు ఉండరు. అయినా కోనసీమ చూసొచ్చామని చెప్పే చాలామందికి ఆ మర్యాద ఎలా ఉంటుందో తెలియదు. రావులపాలెంలో హైవే పక్కన కారు ఆపి పూతరేకులు కొంటారు. కాలవ గట్టున కొబ్బరిచెట్ల కింద ఫోటోలు దిగుతారు. దిండిలో ఒక రాత్రి ఉండి, మర్నాడు అంతర్వేదిలో దర్శనం చేసుకుని తిరుగుముఖం పడతారు. ఈ రెండు రోజుల్లో హోటల్ కుర్రాడితో తప్ప ఊరివాళ్ళెవరితోనూ నాలుగు మాటలు మాట్లాడి ఉండరు.

ఇక్కడి ఆదరణ తీరిగ్గా వచ్చినవాళ్ళకే దక్కుతుందని నేను గట్టిగా నమ్ముతాను. ఎవరూ మిమ్మల్ని రోడ్డు మీద ఆపి మర్యాద చెయ్యరు. మీరు బస్సు కోసం ఆగిన చోట, ఏరు దాటించే పంటు కోసం నిలబడ్డ రేవులో, టిఫిన్ తిన్న బల్ల దగ్గర మాట కలుస్తుంది. అందుకే రాజమహేంద్రవరంలో మొదలై పాలకొల్లులో ముగిసే ఈ ప్రయాణంలో చూడాల్సిన చోట్ల కంటే ఆగాల్సిన చోట్లకి ఎక్కువ సమయం ఇచ్చాను. నాలుగు రోజులు సరిపోతాయి, ఐదు ఉంటే ఇంకా మంచిది. రెండే రోజులు ఉంటే సగం ఊళ్ళు వదిలెయ్యండి. అన్నీ చూసేద్దామని మాత్రం పరుగెత్తకండి.

ముందు రోజులు కుదుర్చుకోండి

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా తిరగొచ్చు. పొద్దున్నే మంచు, మధ్యాహ్నం పల్చటి ఎండ, బజార్లో తేగల కట్టలు. ఏప్రిల్, మే నెలల్లో ఉక్కపోత చంపేస్తుంది గానీ తాటి ముంజలూ, ఆత్రేయపురంలో చాపల మీద ఆరబెట్టిన మామిడి తాండ్రా అప్పుడే దొరుకుతాయి.

జులై నుంచి సెప్టెంబరు దాకా గోదావరి ఎర్రగా పొంగి ఉంటుంది. పులస దొరికేదీ ఆ రోజుల్లోనే. పుస్తెలమ్మి అయినా పులస తినాలని ఇక్కడ సామెత. ధర కూడా ఆ సామెతకి తగ్గట్టే వేలల్లో ఉంటుంది. సముద్రంలో పట్టిన చేపని పులసని చెప్పి అమ్మేవాళ్ళూ ఉంటారు కాబట్టి తెలిసినవాళ్ళు పక్కన లేకుండా కొనకండి. ఈ నెలల్లో వెళ్ళేవాళ్ళు రోజూ ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం ఎంతుందో వార్తల్లో చూసుకోవాలి. 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఎగరేస్తారు. మొదటి హెచ్చరిక వచ్చిందంటే ప్రయాణం వాయిదా వేసుకోవడమే మంచిది. నది ఉద్ధృతంగా ఉంటే రేవుల్లో పంటులు ఆపేస్తారు, నది మధ్య ఉన్న లంక గ్రామాల దారులు మునుగుతాయి. పైగా ఇంట్లోకి నీళ్ళొస్తాయేమోనని సామాను అటక మీదకి ఎక్కిస్తున్న మనుషుల ముందుకి టూరిస్టులా వెళ్ళి నిలబడటం పద్ధతి కాదు.

సంక్రాంతి సంగతి వేరు. భీమవరం, అమలాపురం, రాజోలు ప్రాంతాల్లో గదులు నెలల ముందే అయిపోతాయి, ఉన్నవాటి అద్దెలు ఆకాశంలో ఉంటాయి. ఆ జనాన్నీ, ఖర్చునీ తట్టుకోగలమనుకుంటే కనుమ నాడు అంబాజీపేట మండలం మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటలో జరిగే ప్రభల తీర్థం చూడండి. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పదకొండు మంది రుద్రులు, అంటే ఆ ఊళ్ళ శివుళ్ళు, ప్రభల మీద అక్కడికి చేరతారు. వెదురుతో అల్లి రంగురంగుల బట్టలు కట్టిన ఎత్తైన ప్రభని భుజాల మీద మోస్తూ, పచ్చటి చేలల్లోంచి, మొలలోతు కౌశిక ఏటి నీళ్ళలోంచి దాటిస్తుంటే గట్టున నిలబడ్డ వాళ్ళకి కూడా భుజం నొప్పి పుడుతుంది. ఆ రోజు ఏ ఇంటి ముందు ఆగినా మంచినీళ్ళు అడక్కుండానే వస్తాయి.

దారి

కోనసీమ అంటే గౌతమి, వశిష్ఠ పాయల మధ్య నేల. మధ్యలో వైనతేయ. దక్షిణాన సముద్రం. 2022 ఏప్రిల్‌లో అమలాపురం కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది, దాని పేరు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ. అమలాపురానికి ఇంకా రైలు రాలేదు. కాబట్టి ఒక చివర రాజమహేంద్రవరంలో రైలు దిగి, రెండో చివర నరసాపురంలోనో పాలకొల్లులోనో రైలెక్కడం అన్నిటికంటే సుఖం. వచ్చిన దారినే వెనక్కి వెళ్ళక్కర్లేదు.

హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్ళకి గౌతమి ఎక్స్‌ప్రెస్ బాగుంటుంది, తెల్లవారుజామున గోదావరి దాటుతుంది. అప్పటికి లేచి కిటికీ దగ్గర కూర్చోండి. పక్క బెర్తు పెద్దావిడ చిల్లర తీసి నదిలోకి విసురుతుంటే మీరూ ఒక రూపాయి తీయండి. ఈ ప్రయాణంలో మొదటి పలకరింపు చాలాసార్లు అక్కడే జరుగుతుంది, "ఎందాకా అండి?" అని.

సొంత కారు వద్దని చెప్పను. చిన్నపిల్లలూ, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళూ వెంట ఉంటే కారే మేలు. అయితే రోజుకి ఒక్కసారైనా దాన్ని లాడ్జి దగ్గర వదిలేసి పల్లెవెలుగు బస్సెక్కండి. ఆ బస్సులో మీ పక్కన కూర్చునే మనిషి ఊరి సంగతులన్నీ చెబుతారు, దిగాల్సిన చోట డ్రైవరుని కేకేసి ఆపిస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో నివాసం ఉన్న ఆడవాళ్ళకి 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం, ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. తెలంగాణ నుంచో, వేరే రాష్ట్రం నుంచో వచ్చినవాళ్ళు టికెట్ కొనుక్కోవాలి. చిల్లర దగ్గర పెట్టుకోండి. ఆటోవాళ్ళ దగ్గర ఫోన్‌తో డబ్బులు కట్టే సౌకర్యం ఉంటుంది గానీ రేవుల్లో సిగ్నల్‌ని నమ్ముకోలేం.

బస మూడు చోట్ల పెట్టుకుంటే సరిపోతుంది. రాజమహేంద్రవరంలో ఒక రాత్రి, అమలాపురంలో రెండు, పాలకొల్లులోనో నరసాపురంలోనో ఒకటి. రోజుకో ఊళ్ళో సామాను విప్పి సర్దుకుంటూ ఉంటే మాట్లాడే ఓపిక ఎక్కడుంటుంది? అమలాపురంలో రెండో పొద్దున్న అదే టిఫిన్ బండి దగ్గరికి వెళితే బండాయన "నిన్నట్లాగే పెసరట్టేనా అండి?" అని అడుగుతాడు. ఆ మాట వినాలంటే రెండు రాత్రులు ఉండాలి.

ధవళేశ్వరం దాటి ఆత్రేయపురం

రాజమహేంద్రవరంలో పొద్దున్నే పుష్కరఘాట్ దగ్గర కాసేపు కూర్చుని, మెయిన్ రోడ్డులో రోజ్ మిల్క్ తాగి, ధవళేశ్వరం బయల్దేరండి. కాటన్ మ్యూజియం చిన్నదే, కానీ వదలొద్దు. ఇంగ్లీషు ఇంజనీరు ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేసిన ఆనకట్ట ఈ డెల్టా తలరాత మార్చింది. ఇప్పుడు కనబడేది దాని స్థానంలో తర్వాత కట్టిన బ్యారేజీ. ముందురోజు పాయల మ్యాపు ఫోన్‌లో చూసినవాళ్ళకి కూడా ఇక్కడ నిలబడ్డాకే కాలవలు ఎటు వెళుతున్నాయో అర్థమవుతుంది. మీరు వెళ్ళబోయే ప్రతి ఊరికీ నీళ్ళు ఇక్కడి నుంచే వెళతాయి. కాటన్ దొర గురించి ఒక్క ప్రశ్న వెయ్యండి చాలు, పొలం పని చేసే ఏ పెద్దాయన అయినా అరగంట మాట్లాడతాడు.

బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక చేరితే ఆత్రేయపురం దగ్గరే. ఇక్కడి పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొట్టులో డబ్బా కొనుక్కుని బయటపడకండి. "రేకు తీసే చోటు చూడొచ్చా అండి?" అని కొట్టువాళ్ళనే అడగండి. పొద్దున పూట వెళితే ఏదో ఒక ఇంట్లో పొయ్యి వెలుగుతూ ఉంటుంది.

బోర్లించిన కుండ, దాని కింద ఎండు కొబ్బరాకుల మంట. పక్కన పల్చటి బియ్యప్పిండి నీళ్ళు. ఆవిడ చిన్న గుడ్డని రెండు చేతులా పట్టుకుని ఆ పిండిలో ముంచి, కాలుతున్న కుండ వీపు మీద ఒక్క లాగు లాగుతుంది. గుడ్డ దాటిన చోట తెల్లటి పొర అప్పటికే ఆరిపోయి ఉంటుంది. వేళ్ళ చివరలతో దాన్ని లేపి పక్కన పేర్చి మళ్ళీ గుడ్డ ముంచుతుంది. మంట హెచ్చితే రేకు మాడుతుంది, తగ్గితే అంటుకుంటుంది. అందుకే మధ్యమధ్యలో ఒక చెయ్యి కొబ్బరాకుల్ని పొయ్యిలోకి నెడుతూ ఉంటుంది. ఇంకో గదిలో రేకుల మీద తడి గుడ్డతో అద్ది, మెత్తబడ్డాక నెయ్యి రాసి, చక్కెర పొడో బెల్లమో చల్లి మడత పెడతారు. పొయ్యి ముందు రోజంతా కూర్చోవడం ఎంత కష్టమో ఆ గదిలో కాసేపు ఉంటే తెలుస్తుంది. చూడనిచ్చిన వాళ్ళ దగ్గరే కొనండి, బేరమాడకండి. ఫోటో తీసేముందు అడగండి. చెమటలతో, పనిబట్టల్లో ఉన్నప్పుడు వద్దంటే చేతుల వరకే తీసుకోండి.

దగ్గర్లో ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామి గుడి ఉంది. ముందు విష్ణువు, వెనక మోహిని ఒకే నల్లరాతిలో. వెనకవైపు చూపించడానికి పూజారి గారు దీపం పట్టుకుని వివరంగా చెబుతారు, తొందరపెట్టకుండా వినండి. శనివారం వెళితే మటుకు దారి పొడవునా వాడపల్లి వెంకన్న భక్తుల రద్దీ ఉంటుంది. ఆ రోజు కాకుండా చూసుకోండి.

పలకరింపు

ఇది ముందే చెప్పుకుంటే మిగతా ప్రయాణమంతా సులువవుతుంది. ఇక్కడ వయసు కాస్త ఎక్కువగా కనిపిస్తే బాబాయ్ గారూ, పిన్ని గారూ అనొచ్చు. బాగా పెద్దవాళ్ళయితే తాతగారు, మామ్మగారు. చదువుకున్నాయనలా, ఉద్యోగస్తుడిలా కనిపిస్తే మాస్టారూ అనేస్తే తిరుగులేదు. ప్రతి వాక్యం చివరా 'అండి' పడాలి. చిన్న కుర్రాణ్ణి కూడా "ఏమండి" అనే ఊళ్ళివి. హైదరాబాద్‌లో పెరిగిన పిల్లలకీ, అమెరికా నుంచి వచ్చిన పిల్లలకీ ఈ ఒక్క సంగతి బస్సెక్కే ముందే చెప్పి ఉంచండి. వాళ్ళ తెలుగు ముద్దుముద్దుగా ఉన్నా ఫర్వాలేదు, దాన్ని ఇక్కడివాళ్ళు ఇష్టంగా వింటారు.

మాట ఎలా మొదలెట్టాలా అని టెన్షన్ పడక్కర్లేదు. వాళ్ళే అడుగుతారు. ఏ ఊరు, ఏం చేస్తారు, పిల్లలెంతమంది, సొంత ఇల్లేనా, జీతమెంత. నగరంలో ఎవరూ అడగని ప్రశ్నలు ఇక్కడ పరిచయానికి మొదటి మెట్టు. చెప్పదలుచుకున్నంతే చెప్పి, మీరూ తిరిగి అడగండి. కొబ్బరి ధర ఎలా ఉంది, పిల్లలు ఎక్కడున్నారు అన్న రెండు ప్రశ్నలు ఈ సీమలో ఎవరినైనా మాట్లాడిస్తాయి. రాజోలు, మలికిపురం వైపు గల్ఫ్‌లో పనిచేసేవాళ్ళు లేని వీధి అరుదు. కువైట్‌లో ఉన్న కొడుకు గురించో, దోహాలో ఉన్న కూతురి గురించో చెబుతూ ఫోన్ తీసి ఫోటోలు చూపిస్తారు. తమ పిల్లలు పరాయి చోట ఉన్నారు కాబట్టే ఊరు కాని ఊరు వచ్చినవాళ్ళని చూస్తే వీళ్ళకి అంత జాలి, అంత ప్రేమ అని నాకనిపిస్తుంది.

"మీరేమిట్లండి?" అని కులం అడిగేవాళ్ళూ తగులుతారు. ఆ ప్రశ్న నాకు నచ్చదు. దానికి జవాబు చెప్పాల్సిన అవసరం మీకు లేదు. "మాది ఫలానా ఊరండి, టీచరుగా చేస్తానండి" అని నవ్వుతూ మాట మళ్ళించండి, చాలావరకు అక్కడితో ఆగుతుంది. అలాగే జిల్లా పేరు మీద, ఊరి రాజకీయాల మీద మీ తీర్పులు చెప్పకండి. వాళ్ళు చెబుతుంటే వినండి.

అమలాపురంలో మకాం

ఆత్రేయపురం నుంచి రావులపాలెం చేరితే అక్కడి నుంచి అమలాపురం బస్సులు తరచుగా ఉంటాయి. బస్సెక్కే ముందు రావులపాలెం అరటి మార్కెట్ దగ్గర ఆగి గెలల లోడింగ్ చూడొచ్చు.

అమలాపురం నుంచి పొద్దున్నే అంబాజీపేట వెళ్ళండి. కొబ్బరి వ్యాపారానికి పెట్టింది పేరు. మీరు మాత్రం ముందు పొట్టిక్కల కోసం చూడండి. పనసాకులు నాలుగు కలిపి ఈనెలతో గుచ్చి చిన్న బుట్టలా చేస్తారు, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు విప్పగానే పనస వాసన పొగలా లేస్తుంది. లోపల పిండి మీద ఆకు ఈనెల గీతలు అచ్చు పడి ఉంటాయి. పొద్దున దాటితే దొరకవు, కాబట్టి ఎనిమిదింటికల్లా అక్కడ ఉండండి. తింటూనే మార్కెట్ వైపు నడిస్తే కొబ్బరికాయలు వలిచే వాళ్ళు కనబడతారు. నేలలో దిగ్గొట్టిన గునపం మీద కాయని పొడిచి మూడు తిప్పుల్లో పీచంతా ఊడదీస్తారు. పని జరుగుతున్నప్పుడు దగ్గరికి వెళ్ళకండి, టీకి ఆగినప్పుడు పలకరించండి.

మధ్యాహ్నం బండారులంక. అమలాపురానికి ఆనుకున్నట్టే ఉండే చేనేత ఊరు. వీధిలో నడుస్తుంటే మగ్గం చప్పుడు వినిపించిన ఇంటి ముందు నిలబడి "చూడొచ్చా అండి?" అంటే చాలు. చీర కొనాలని ఎవరూ బలవంతం చెయ్యరు. కొనాలనుకుంటే మటుకు మగ్గం దగ్గరే ధర అడగండి.

మరో పూట పి.గన్నవరం. వైనతేయ మీద నుంచి కాలవని దాటించే అక్విడెక్టు ఇక్కడ ఉంది. పాతది కాటన్ కాలం నాటిది, కొత్తదానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఇక్కడికి రాకుండా గోదావరి ఆతిథ్యం గురించి మాట్లాడటం కుదరదు. 1841లో మండపేటలో పుట్టి, పెళ్ళయి ఇక్కడికి దగ్గర్లోని లంకల గన్నవరం వచ్చిన ఆవిడ, ఏ వేళలో ఎవరు తలుపు తట్టినా అన్నం పెట్టింది. 1909లో పోయేదాకా ఆ పొయ్యి ఆరలేదని చెబుతారు. వంతెనలు లేని రోజులవి. ఒక పాయ దాటి వచ్చిన మనిషి రెండో పాయ దగ్గర పడవ తప్పిపోతే రాత్రంతా గట్టునే. వరదొస్తే రోజుల తరబడి. తినడానికి హోటల్ లేదు. అలాంటి చోట తలుపు తీసి అన్నం పెట్టే ఇల్లు ఒకటి ఉండటం మనిషి ప్రాణానికి సంబంధించిన విషయం. ఇక్కడి మర్యాద గొప్పలకి పుట్టింది కాదు, దాటలేక ఆగిపోయిన బాటసారుల అవసరంలోంచి పుట్టిందని నేననుకుంటాను. ఆంధ్రప్రదేశ్ బడుల్లో పిల్లలు తినే మధ్యాహ్న భోజనానికి ఇప్పుడు ఆవిడ పేరే ఉంది.

ఇంటికి పిలిస్తే

రెండు మూడు రోజుల్లో ఎవరో ఒకరు తప్పకుండా పిలుస్తారు. "మా ఇల్లు ఇక్కడేనండి, కాఫీ తాగి వెళ్దురు గాని." అది మాటవరసకి అన్నదా, నిజంగానా? ఒకసారే అని ఊరుకుంటే మాటవరస. "ఇంతదూరం వచ్చి మా ఇంటికి రారా?" అని రెండోసారి కూడా అంటే వెళ్ళండి. నలుగురు చూస్తుండగా, పగటిపూట, ఇంట్లో ఆడవాళ్ళున్న ఇల్లయితే మొహమాటం అక్కర్లేదు. ఒంటరిగా తిరిగే అమ్మాయిలు మగవాళ్ళ పిలుపు కంటే ఆ ఇంటి ఇల్లాలి పిలుపునే లెక్కలోకి తీసుకోండి. చీకటి పడ్డాక లంకల వైపు, ఏటిగట్ల వైపు ఒంటరిగా వెళ్ళొద్దు. బస్సులు కూడా త్వరగా అయిపోతాయి, చివరి బస్సు టైం కండక్టరుని పొద్దున్నే అడిగి పెట్టుకోండి.

వట్టి చేతులతో వెళ్ళకండి. డజను అరటిపళ్ళు, పిల్లలుంటే బిస్కెట్లు చాలు. చెప్పులు గుమ్మం బయట. నీళ్ళు ఇస్తే రెండు గుక్కలైనా తాగండి. భోజనానికి కూర్చోబెడితే అసలు పరీక్ష అక్కడుంది. "చాలండి" అన్న మాటకి ఈ ఇళ్ళల్లో విలువ లేదు. వడ్డించే మనిషి గరిటె ఆపదు. మొదట్నుంచీ కొంచెం కొంచెంగా వేయించుకోండి, నచ్చిన కూర పేరు చెప్పి మెచ్చుకోండి. పనసపొట్టు కూరో, కంద బచ్చలో పెడితే అది మీ కోసం ప్రత్యేకంగా చేశారన్నట్టే, పొట్టు కొట్టడం అంత తేలిక పని కాదు. కడుపు నిండాక మీరే పెరుగు అడగండి. పెరుగు పడిందంటే ఇంక కూరలు రావు. వెళ్ళేటప్పుడు ఆడవాళ్ళకి బొట్టుపెట్టి పళ్ళో, జాకెట్ ముక్కో ఇస్తారు. వద్దనకండి, చిన్నబుచ్చుకుంటారు.

డబ్బులివ్వబోవడం మటుకు ఎప్పుడూ చెయ్యకండి. ఫోటోలు తీసుకుంటే ఊరెళ్ళాక తప్పకుండా పంపండి. పంపిస్తానని మాటిచ్చి మర్చిపోయేవాళ్ళని ఈ ఊళ్ళు చాలామందిని చూశాయి.

అంతర్వేది, పంటు, నరసాపురం

మూడో రోజో, నాలుగో రోజో పొద్దున్నే రాజోలు మీదుగా అంతర్వేది. వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు. లక్ష్మీనరసింహస్వామి దర్శనం అయ్యాక అన్నాచెల్లెళ్ళ గట్టు దాకా వెళ్ళండి. ఏటి నీళ్ళూ సముద్రపు నీళ్ళూ రెండు రంగుల్లో పక్కపక్కన కనిపిస్తాయి. అక్కడ నీళ్ళలోకి దిగొద్దు, కలిసే చోట ప్రవాహం ఎటు లాగుతుందో చెప్పలేం. భీష్మ ఏకాదశికి ఇక్కడ స్వామివారి కళ్యాణం, అప్పుడు లక్షల్లో జనం వస్తారు. తీరికగా తిరగాలనుకునేవాళ్ళు ఆ వారం తప్పించుకోవాలి.

అక్కడి నుంచి నరసాపురం వెళ్ళడానికి రెండు దారులు. కారుంటే దిండి వైపు వెనక్కి వచ్చి చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు చేరి వెళ్ళొచ్చు. లేదా సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కొచ్చు. పంటే ఎక్కండి. కాస్త ఆలస్యమైనా ఆ దాటింపు ఈ ప్రయాణం మొత్తానికీ ప్రాణం లాంటిది.

రేవులో టికెట్ తీసుకుని నీడన నిలబడితే, అవతలి గట్టు నుంచి పంటు మెల్లగా రావడం కనిపిస్తుంది. తగలగానే బైకుల వాళ్ళు స్టార్ట్ చేసి ఒకరి వెనక ఒకరు దిగుతారు. వాళ్ళు దిగాకే ఇటువాళ్ళు ఎక్కుతారు, తోసుకోవడం ఉండదు. స్కూలు పిల్లలు, నరసాపురం ఆసుపత్రికి వెళ్ళే ముసలాయన, చేపల గంపలు దించుకుని కొంగుతో విసురుకునే ఆడవాళ్ళు, పెళ్ళిబట్టలు కొనడానికి వెళ్ళే కుటుంబం. ఇంజిను చప్పుడుకి గొంతులు పెంచి మాట్లాడుకుంటారు. అందరూ రోజూ కలిసేవాళ్ళే కాబట్టి కొత్త ముఖం ఇట్టే తెలిసిపోతుంది. గంపలావిడ కాస్త జరిగి చోటిస్తుంది. అవతల గట్టు చేరేసరికి మీరు ఏ హోటల్లో భోంచెయ్యాలో, ఎక్కడ తినకూడదో, పాలకొల్లు బస్సు ఎక్కడ ఆగుతుందో ముగ్గురు చెప్పి ఉంటారు. బ్యాగులు కింద తడిలో పెట్టకండి, చిన్నపిల్లల్ని అంచుకి పంపకండి.

నరసాపురం లేసు ఊరు. ఇక్కడి క్రోషే అల్లికకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చుట్టుపక్కల పల్లెల్లో మధ్యాహ్నం పనులయ్యాక అరుగుల మీద ఆడవాళ్ళు ఒక సూది, ఒక దారపు ఉండతో కూర్చుంటారు. చేతులు అల్లుతూనే ఉంటాయి, కళ్ళు మాత్రం వీధిలో వచ్చేపోయేవాళ్ళ మీద. పక్కన చోటిస్తే కూర్చోండి, ఒక పువ్వు ఎలా వేస్తారో అడగండి, చేతికి సూది ఇచ్చి నేర్పుతారు. ఈ లేసు దేశాలు దాటి పోతుంది గానీ, అల్లిన మనిషికి దక్కే కూలి చాలా తక్కువ. వాళ్ళ దగ్గరే నేరుగా ఏదైనా కొనే అవకాశం దొరికితే అడిగిన ధర ఇవ్వండి. ఇది నేను గట్టిగా చెప్పే మాట.

పాలకొల్లు, తిరుగు రైలు

నరసాపురం నుంచి పాలకొల్లు 10 కిలోమీటర్లు. పంచారామాలనే ఐదు శివక్షేత్రాల్లో ఒకటైన క్షీరారామం ఇక్కడే. తొమ్మిది అంతస్తుల గోపురం ఊళ్ళోకి రాకముందే కనబడుతుంది. పదిహేడో శతాబ్దంలో డచ్చివాళ్ళు ఇక్కడ వర్తక స్థావరం పెట్టారు. అయితే టీకొట్టు దగ్గర మీరు వినేది ఆ చరిత్ర కాదు, సినిమా. దాసరి నారాయణరావు, అల్లు రామలింగయ్య ఈ ఊరివాళ్ళు. ఆ పేర్లు ఎత్తితే కొట్టాయన రెండో టీ మీరడక్కుండానే పోస్తాడు.

సాయంత్రం గుడి చుట్టూ వీధుల్లో నడిచి, రాత్రి రైలెక్కెయ్యొచ్చు. నరసాపురంలో బయల్దేరే హైదరాబాద్ రైలు పాలకొల్లు, భీమవరం మీదుగా వెళుతుంది. రిజర్వేషన్ ప్రయాణానికి ముందే చేయించుకోండి, సెలవుల్లో ఆఖరి నిమిషంలో దొరకదు. ఒక పూట మిగిలితే భీమవరంలో ఇంకో పంచారామం, సోమారామం చూసి అక్కడే రైలెక్కండి.

సామానులో పూతరేకుల డబ్బా పైన పెట్టండి, దాని మీద బ్యాగు పడితే పొడే మిగులుతుంది. బెల్లం, నెయ్యి ఎక్కువ వేసినవి త్వరగా తినెయ్యాలి. చక్కెరవి కాస్త నిలవుంటాయి, ఎన్నాళ్ళో కొన్న చోటే అడిగి డబ్బా మీద తారీకు రాయించుకోండి. రైల్లో కూర్చున్నాక ఫోన్లో కొత్తగా చేరిన నంబర్లకి పక్కన ఊరు పేరు కూడా రాసుకోండి, లేకపోతే నెల తిరిగేసరికి ఏ బాబాయ్ గారు ఎవరో కలగాపులగం అయిపోతుంది. ఫోటోలు ఆ రాత్రే పంపెయ్యండి. వచ్చే సంక్రాంతికి ఒక్క ఫోన్ చేస్తే, మీకు గది వెతుక్కునే పని ఉండదు.